లెక్కలోకి రాని సర్వీసు – ఆల్‌ఫ్రెడ్ డ్రైఫస్ జీవితం

సస్పెన్షన్, ఎంక్వైరీ, రీఇన్‌స్టేట్‌మెంట్ అనే మాటల బరువు ఎరుగనివారు మన సభ్యులలో అరుదు. సర్వీసులో ఉండగా అవి మనకు తగలకపోతే పక్క సీటులో ఉన్నవారికైనా తగిలి ఉంటాయి. ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని సంపాదకులు కోరారు. రాజ్యాలు ఏలినవారిని, గ్రంథాలు రాసినవారిని పక్కన పెట్టి, తన ఉద్యోగం తాను సక్రమంగా చేసుకుంటూ ఉండగా చరిత్రలోకి ఈడ్వబడిన ఒక ఆఫీసరును ఎంచుకున్నాను. ఆయన ఫ్రాన్సు సైన్యంలో ఫిరంగి దళపు కెప్టెన్ ఆల్‌ఫ్రెడ్ డ్రైఫస్. పుట్టుకతో యూదుడు. ఆ సంగతి లేకపోతే ఈ కథే లేదు.

కనుక ముందు ఆ సంగతి కొంత చెప్పుకోవాలి. యూదులకూ క్రైస్తవులకూ పూర్వగ్రంథం ఒక్కటే. యేసుక్రీస్తు పుట్టింది యూదు కుటుంబంలోనే. ఆయన తొలి శిష్యులు పన్నెండుగురూ యూదులే. అయినా ఐరోపాలో శతాబ్దాల తరబడి యూదులందరినీ క్రీస్తును చంపించినవారి సంతతిగానే చూశారు. ముప్పై వెండి నాణేలకు గురువును పట్టి ఇచ్చిన యూదా ఇస్కరియోతు పాపాన్ని జాతి మొత్తానికి అంటగట్టారు. చాలా రాజ్యాలలో వారికి భూమి కొనే హక్కు లేదు, చేతిపనుల సంఘాలలో చోటు లేదు. ఎన్నోచోట్ల ఊరిలో వేరే పేటలో ఉండవలసి వచ్చేది. ఫ్రాన్సు రాజులు 1306లో ఒకసారి, 1394లో మరొకసారి యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టారు. క్రీస్తు మరణానికి యూదు జాతి మొత్తాన్ని బాధ్యులను చేయరాదని కాథలిక్కు సంఘం స్పష్టంగా ప్రకటించింది 1965లో, రెండవ వాటికన్ మహాసభలో. అప్పటికి జరగవలసిన ఘోరాలన్నీ జరిగిపోయాయి.

ఫ్రెంచి విప్లవం వచ్చి 1791లో యూదులకు తక్కిన పౌరులతో సమానంగా హక్కులు ఇచ్చింది. ఐరోపాలో ఆ పని మొదట చేసిన పెద్ద దేశం ఫ్రాన్సే. అందుకే అక్కడి యూదులకు ఆ దేశమంటే ప్రాణం. డ్రైఫస్ కుటుంబం అలాంటిదే. ఆల్‌ఫ్రెడ్ 1859 అక్టోబరు 9న అల్సాస్ ప్రాంతంలోని ముల్‌హౌస్ పట్టణంలో పుట్టాడు. తండ్రి రఫాయేల్ నూలు మిల్లు స్థాపించి పైకి వచ్చిన మనిషి. 1870లో జర్మనులతో యుద్ధం వచ్చింది. ఫ్రాన్సు ఓడిపోయింది. అల్సాస్ జర్మనీ చేతిలోకి పోయింది. పరాయి సైన్యం తమ వీధుల్లోకి రావడం పదకొండేళ్ళ ఆల్‌ఫ్రెడ్ కళ్ళారా చూశాడు. ఎవరు ఏ దేశ పౌరులుగా ఉండదలచారో తేల్చుకోమన్నప్పుడు రఫాయేల్ కుటుంబం ఫ్రాన్సునే కోరుకుంది. మిల్లు చూసుకోవడానికి పెద్దకొడుకు జాక్ మాత్రం అక్కడ ఉండిపోయాడు. పోయిన సొంతగడ్డను తిరిగి తెచ్చే సైన్యంలో చేరాలని ఆల్‌ఫ్రెడ్ అప్పుడే నిశ్చయించుకున్నాడు. కలిగినవారి బిడ్డ. మిల్లులో కూర్చున్నా జరిగిపోయేది.

1878లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో సీటు సంపాదించాడు. ఫిరంగి దళంలో చేరి 1889 నాటికి కెప్టెన్ అయ్యాడు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో లూసీ హాదమార్ అనే వజ్రాల వర్తకుని కుమార్తెను వివాహమాడాడు. పెళ్ళి పారిస్ పెద్ద ప్రార్థనామందిరంలో, ఫ్రాన్సు యూదుల ప్రధాన మతగురువు జాడోక్ కాన్ చేతుల మీదుగా జరిగింది. లూసీ దైవభక్తి గల మనిషి. ఆల్‌ఫ్రెడ్‌కు మతాచారాల పట్టింపు అంతగా లేదు. ఆయన భక్తంతా దేశం మీద, సైన్యం మీదనే. వారికి పియెర్ అనే కొడుకు, జాన్ అనే కూతురు కలిగారు.

సైనిక ఉన్నత విద్యాలయంలో చదువు ముగించేసరికి 1892లో తొమ్మిదవ ర్యాంకు వచ్చింది. ఇంకా పైకి రావలసింది. పరీక్షకులలో ఒక జనరల్, ప్రధాన కార్యాలయంలోకి యూదులు రాకూడదన్న పట్టుదలతో, డ్రైఫస్‌కూ మరొక యూదు అభ్యర్థికీ వ్యక్తిత్వం కింద ఇచ్చే మార్కులు కావాలని తగ్గించాడు. ఇద్దరూ వెళ్ళి డైరెక్టరుకు విన్నవించుకున్నారు. డైరెక్టరు విచారం వెలిబుచ్చి ఊరుకున్నాడు. కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో తెలిసిన మన సభ్యులకు ఇంతకంటే వివరించనక్కరలేదు. అయినా 1893 జనవరిలో ఆయన ప్రధాన కార్యాలయంలో శిక్షణాధికారిగా చేరాడు.

అప్పటికే బయట గాలి మారింది. ఎడువార్ ద్రుమోఁ అనే పత్రికా రచయిత 1886లో యూదుల మీద విషం కక్కుతూ ఒక పెద్ద పుస్తకం వేసి, 1892లో సొంతంగా దినపత్రిక పెట్టాడు. సైన్యంలోని యూదు అధికారులందరూ ద్రోహులే అన్నది దాని పాట. దేశం మొత్తం మీద యూదులు లక్షమందికి లోపే. జనాభా నాలుగు కోట్లకు కొంచెం తక్కువ. అయినా ధరలు పెరిగినా, బ్యాంకు మునిగినా కారణం వారేనని నమ్మేవారు లక్షల్లో ఉండేవారు. కాథలిక్ సన్యాసులు కొందరు నడిపే లా క్రువా అనే పత్రిక కూడా ఆ పాటకు తాళం వేసింది. పల్లెపల్లెకూ వెళ్ళే పత్రిక అది.

1894 సెప్టెంబరులో పారిస్‌లోని జర్మనీ రాయబార కార్యాలయం చెత్తబుట్ట నుంచి ఒక చిరిగిన కాగితం ఫ్రెంచి గూఢచారి శాఖకు చేరింది. అక్కడ ఊడ్చే ఆమె చెత్త కాగితాలు తెచ్చి ఇస్తూ ఉండేది. సంతకం లేదు. ఫలానా ఫలానా సైనిక రహస్యాలు పంపుతున్నానని ఎవరో జర్మనులకు రాసిన జాబితా అది. ప్రధాన కార్యాలయంలో శిక్షణలో ఉన్నవారిలో ఒకరై ఉంటారని అనుకుని పేర్లు చూస్తూ పోయారు. డ్రైఫస్ పేరు దగ్గర ఆగిపోయారు. చేతిరాత కొంచెం పోలింది. ఆ పైన యూదుడు. ఇక వెతకలేదు.

అక్టోబరు 15న తనిఖీ ఉందని పిలిపించి, ఒక ఉత్తరం చెబుతాం రాయమని కూర్చోబెట్టి, రాస్తుండగానే అరెస్టు చేశారు. పరువు కాపాడుకోమన్నట్టు ఎదురుగా రివాల్వరు పెట్టారు. ఆయన దాన్ని ముట్టలేదు. చేతిరాత నిపుణులు ఐదుగురిలో ఇద్దరు ఇది ఆయన రాత కాదన్నారు. ముగ్గురు అవునన్నారు. ఆ ముగ్గురిలో బెర్తియోఁ అనే ఆయన, రాతలోని తేడాలకు కూడా కారణం కనిపెట్టాడు: పట్టుబడితే తప్పించుకోవడానికి డ్రైఫస్ తన రాతను తానే ఫోర్జరీ చేసుకున్నాడట! పోలిక ఉంటే నేరస్థుడు, తేడా ఉంటే మరింత నేరస్థుడు.

డిసెంబరు 19 నుంచి 22 వరకు తలుపులు మూసి కోర్టు మార్షల్ జరిపారు. సాక్ష్యం చాలదని అధికారులకు అనుమానం వచ్చింది. ముద్దాయికీ ఆయన వకీలుకూ తెలియకుండా ఒక రహస్య ఫైలును న్యాయమూర్తుల గదిలోకి పంపారు. అందులో డి అనే అక్షరంతో ఎవరినో ప్రస్తావించే ఉత్తరం ఒకటి ఉంది. ఆ అక్షరం ఈయనదే అన్నారు. ఏడుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా యావజ్జీవ ప్రవాస శిక్ష వేశారు. చార్జిషీటులో లేని కాగితాన్ని ముద్దాయికి చూపకుండా లోపలికి పంపడం, ఏ దేశంలోనైనా, అన్యాయాలన్నింటికీ మొదటిమెట్టు. ఐదేళ్ళ తరువాత కేసు తిరగబడడానికి ఆ ఫైలు కూడా ఒక కారణమైంది.

1895 జనవరి 5 ఉదయం సైనిక పాఠశాల మైదానంలో వేల మంది సైనికుల ఎదుట ఆయన బిళ్ళలు, గుండీలు, పట్టీలు తెంపేశారు. సులభంగా ఊడేలా ముందురోజే వాటి కుట్లు వదులు చేసి ఉంచారు. కత్తిని కూడా ముందే ఆకురాయితో అరగదీసి, అందరూ చూస్తుండగా మోకాలిపై విరిచారు. ఆయన తల ఎత్తి, తాను నిర్దోషినని, ఫ్రాన్సు వర్ధిల్లాలని కేక వేస్తూ చుట్టూ నడిచాడు. ఇనుప కటకటాల అవతల జనం యూదులకు చావు అని అరిచారు. ఇస్కరియోతు పేరు పెట్టి పిలిచారు. ఆనాడు అక్కడున్న విలేఖరులలో వియన్నా పత్రిక తరపున వచ్చిన థియొడోర్ హెర్జెల్ ఒకడు. యూదులకు సొంత దేశం కావాలన్న ఉద్యమానికి తరువాత నాయకుడైనవాడు ఆయనే.

దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానా తీరాన డెవిల్స్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. మనకు అండమాన్ ఎలాంటిదో ఫ్రెంచివారికి గయానా అలాంటిది. అంతకుముందు కుష్ఠరోగులైన ఖైదీలను ఉంచిన ఆ దీవిలో, 1895 ఏప్రిల్ నుంచి డ్రైఫస్ ఒక్కడే ఖైదీ. రాతి గుడిసె, కాపలాదారులు. వారికి ఆయనతో మాట్లాడే అనుమతి లేదు. ఆయన ఏమి అడిగినా జవాబు లేదు. భార్యలు వచ్చి కలిసి ఉండడానికి చట్టంలో వీలున్నా, లూసీ పదేపదే పెట్టుకున్న అర్జీలు తోసిపుచ్చారు. ఆమె ఉత్తరాలు నెలల తరువాత వచ్చేవి. కొంతకాలానికి అసలు ఉత్తరాలు కూడా ఆపేసి, గుమస్తా ఎత్తి రాసిన నకళ్ళు ఇవ్వసాగారు. భార్య చేతిరాత చూసుకునే భాగ్యం కూడా దక్కలేదన్నమాట.

1896 సెప్టెంబరులో ఒక విపరీతం జరిగింది. జనం తన తమ్ముణ్ణి మరచిపోతున్నారని అన్న మాత్యూ దిగులుపడి, డ్రైఫస్ పారిపోయాడని ఒక ఇంగ్లీషు పత్రికలో వదంతి వేయించాడు. చర్చ రేగింది కాని ఫలితం దీవిలో ఆయన మీద పడింది. రాత్రిళ్ళు రెండు కాళ్ళకూ ఇనుప సంకెళ్ళు వేసి మంచానికి బిగించారు. కదలడానికి లేదు. పురుగులు, చీమలు, ఉష్ణమండలపు ఉక్క. నలభై రాత్రులకు పైగా అలా గడిచాయి. గుడిసె చుట్టూ ఎత్తైన కొయ్యగోడ కట్టి సముద్రం కూడా కనపడకుండా చేశారు. ఆయన లెక్కలు వేసుకుంటూ, ఇంగ్లీషు నేర్చుకుంటూ, షేక్‌స్పియర్‌ను చదువుకుంటూ మతి చెడకుండా నిలబడ్డాడు. నన్ను ఎప్పుడూ కదిలించే విషయం ఒకటుంది. తనకు న్యాయం చేయమని ఆయన దీవి నుంచి సైన్యాధిపతి జనరల్ బొవాదెఫ్ర్‌కు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. తన పై అధికారులు అసలు దోషిని వెతికిస్తున్నారనే నమ్మాడు. ఆ బొవాదెఫ్ర్ అక్కడ నిజం బయటపడకుండా చూస్తున్నాడని ఆయనకు తెలిసే దారే లేదు.

నిజం బయటపెట్టినవాడు యూదుడు కాడు. గూఢచారి శాఖకు కొత్త అధికారిగా వచ్చిన కర్నల్ జార్జ్ పికార్ కాథలిక్కు, యూదులంటే అంత ఇష్టం లేనివాడు. విద్యాలయంలో డ్రైఫస్‌కు పాఠాలు చెప్పాడు, ఆ శిష్యుడు ఆయనకు నచ్చలేదు. 1896లో ఎస్తర్‌హాజీ అనే అప్పులపాలైన మేజరు రాత చూసి, ఆ జాబితా రాసింది వీడేనని పికార్ గుర్తుపట్టాడు. వెళ్ళి పైవారికి చెప్పాడు. ఊరుకోమన్నారు. ఊరుకోనన్నందుకు ట్యునీషియాకు బదిలీ చేశారు. ఆయన కింద పనిచేసే హెన్రీ అనే అధికారి, డ్రైఫస్ పేరు కనిపించేలా ఒక దొంగ ఉత్తరం తయారు చేసి ఫైలులో చేర్చాడు.

లూసీ, మాత్యూ ఊరకుండలేదు. ముల్‌హౌస్‌కే చెందిన ప్రొటెస్టెంటు పెద్దమనిషి, సెనేటు ఉపాధ్యక్షుడు షూరర్-కెస్నర్ ఈ కేసును భుజాన వేసుకుని పదవి పోగొట్టుకున్నాడు. 1898 జనవరి 11న సైనిక న్యాయస్థానం ఎస్తర్‌హాజీని నిర్దోషిగా వదిలేసింది. రెండు రోజులకు నవలాకారుడు ఎమిల్ జోలా, రాష్ట్రపతికి బహిరంగ లేఖగా ఒక పత్రిక మొదటి పేజీ నింపేశాడు. ఆ రోజు మూడు లక్షల ప్రతులు వేశారు. జోలా మీద కేసు పెట్టి శిక్ష వేశారు, ఆయన ఇంగ్లండు వెళ్ళిపోవలసి వచ్చింది. ఎన్నో పట్టణాలలో యూదుల దుకాణాల మీద పడ్డారు. అల్జీర్స్ నగరంలో అల్లర్లు మరీ దారుణం.

ఆగస్టులో ఒక అధికారి దీపం వెలుతురులో హెన్రీ ఉత్తరాన్ని పరీక్షించి, రెండు వేర్వేరు కాగితాల ముక్కలు అతికించినట్టు గీతల రంగు తేడా వల్ల పట్టుకున్నాడు. హెన్రీ నేరం ఒప్పుకుని, ఆగస్టు 31న జైలులో గొంతు కోసుకున్నాడు. దీనితో ఆగిపోవాలి కదా. ఆగలేదు. హెన్రీ భార్య కోసం ద్రుమోఁ పత్రిక చందాలు వసూలు చేస్తే వేలమంది ఇచ్చారు. వారిలో వందల సంఖ్యలో మతగురువులూ ఉన్నారు. అదే సమయంలో పాల్ వియోలే అనే కాథలిక్ చరిత్రకారుడు, న్యాయం కోసం కాథలిక్కుల సంఘం స్థాపించి డ్రైఫస్ పక్షాన నిలిచాడు. అతని వెంట నడిచినవారు కొద్దిమందే. ఒకే మతం, ఒకే గ్రంథం చదివినవారు రెండు వైపులా ఉన్నారని చెప్పడానికే ఈ సంగతి రాశాను.

1899 జూన్ 3న అత్యున్నత న్యాయస్థానం పాత తీర్పు కొట్టివేసింది. డ్రైఫస్‌ను రెన్ పట్టణానికి తెచ్చి మళ్ళీ కోర్టు మార్షల్ పెట్టారు. నలభై నిండని మనిషి తల నెరిసి, నడుము వంగి వచ్చాడు. ఏళ్ళ తరబడి మాట్లాడక గొంతు పెగల్లేదు. సెప్టెంబరు 9న ఐదుగురు న్యాయమూర్తులు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. అయితే నేరతీవ్రత తగ్గించే పరిస్థితులు ఉన్నాయంటూ పదేళ్ళ శిక్ష వేశారు. దేశద్రోహానికి అలాంటి పరిస్థితులు ఏముంటాయో వారే చెప్పాలి. పది రోజులకు రాష్ట్రపతి లూబె క్షమాభిక్ష ఇచ్చాడు. నిర్దోషికి క్షమాభిక్ష ఏమిటని ఆయన మద్దతుదారులలోనే కొందరు కోప్పడ్డారు. ఇంట్లో కూర్చుని అలా అనడం తేలిక. దీవిలో గడిపి వచ్చినవాడు భార్యాబిడ్డల దగ్గరకు వెళ్ళాడు. వెళ్ళి కూడా, తన నిర్దోషిత్వం నిరూపించుకునే పోరాటం వదలనని ప్రకటించాడు.

ఇంకో ఏడేళ్ళు పట్టింది. 1906 జూలై 12న అత్యున్నత న్యాయస్థానం రెన్ తీర్పును కూడా రద్దు చేసి ఆయన నిర్దోషి అని తేల్చింది. మరునాడే పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆయనను సైన్యంలోకి తీసుకుంది. మేజరు హోదా, వారం తరువాత లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం. అందరూ చెప్పే కథ ఇక్కడ ముగుస్తుంది. మనలాంటి రిటైరైన ఉద్యోగులకు అసలు కథ ఇక్కడే మొదలు.

ఆ చట్టంలో రెండు పేర్లు ఉన్నాయి. పికార్‌ను కూడా ఆ మధ్యలో సైన్యం నుంచి తీసేశారు కనుక, ఆయనకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇస్తూ, అది 1903 జూలై నుంచి వర్తిస్తుందని రాశారు. డ్రైఫస్ దగ్గరకు వచ్చేసరికి, చట్టం వచ్చిన రోజు నుంచే సీనియారిటీ లెక్క అన్నారు. జైలులో, దీవిలో గడచిన ఐదేళ్ళు లెక్కలోకి రాలేదు. ఆయనతో కలిసి చదివి, ఆయన కంటే తక్కువ ర్యాంకు వచ్చినవారు అప్పటికే ముందుకు పోయారు. వయసు 46. ఆ లెక్కన జనరల్ కావడం అసాధ్యమని ఆయనకు తెలిసిపోయింది. 1906 అక్టోబరులో పికారే యుద్ధమంత్రి అయ్యాడు. డ్రైఫస్ తరపున అడిగితే సవరించడం కుదరదన్నారు. తనకు వెనక తేదీ నుంచి హోదా తీసుకున్న మనిషే, తాను కాపాడిన మనిషికి అది ఇవ్వలేదు. పికార్ చేసిన మేలును నేను తక్కువ చేయడం లేదు. ప్రాణానికి తెగించి చేశాడు. అయినా ఈ ముక్క చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా పరిగణించాలా వద్దా అన్న ఒక్క వాక్యం కోసం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవారు మనలో ఉన్నారు. 1907లో డ్రైఫస్ మేజరుగానే రిటైరయ్యాడు.

ఆ లెక్క ఎప్పుడు సరిచేశారో ఇక్కడే చెప్పేస్తాను. 1980లలో ప్రభుత్వం విరిగిన కత్తి పట్టుకున్న డ్రైఫస్ విగ్రహం చేయిస్తే, ఆయనను అవమానించిన ఆ సైనిక పాఠశాల ఆవరణలో పెట్టడానికి సైన్యం ఒప్పుకోలేదు. 1995లో సైన్యం చరిత్ర విభాగం అధిపతి డ్రైఫస్ నిర్దోషి అని బహిరంగంగా అన్నాడు. 1998 జనవరిలో లా క్రువా పత్రిక తన పాత రాతలకు క్షమాపణ చెప్పుకుంది. 2025 జూన్ 2న ఫ్రాన్సు జాతీయ శాసనసభ ఆయనకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇవ్వాలని ఏకగ్రీవంగా ఓటు వేసింది. ఆ ఏడాది నవంబరులో సెనేటు కూడా ఆమోదించగా అది చట్టమైంది. రిటైరైన 118 ఏళ్ళకు, చనిపోయిన 90 ఏళ్ళకు వచ్చిన ప్రమోషన్ అది.

రిటైరయ్యాక కూడా ఆయనను వదల్లేదు. 1908 జూన్‌లో జోలా అస్థికలను పాంథియోన్ స్మారక మందిరానికి తరలించే సభలో ఒకడు ఆయనపై రెండుసార్లు కాల్పులు జరిపాడు. చేతికి గాయమైంది. కాల్చినవాణ్ణి జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. 1914లో మహాయుద్ధం రాగానే 54 ఏళ్ళ డ్రైఫస్ తిరిగి యూనిఫారం వేసుకున్నాడు. పారిస్ రక్షణ దళంలోనూ, 1917లో ముందు వరుసలోనూ పనిచేసి, యుద్ధం చివర లెఫ్టినెంట్ కర్నల్ అయ్యాడు. కొడుకు పియెర్ కూడా అదే యుద్ధంలో ఫిరంగి దళంలో పోరాడాడు. సైన్యం మీద ఒక్క పరుష వాక్యం ఆయన నోట వెలువడినట్టు లేదు. అది గొప్పతనమో అమాయకత్వమో ఎవరికి తోచినట్టు వారు అనుకోవచ్చు. నాకు మాత్రం అది అలవాటైన విధేయత అనిపిస్తుంది. మనం కూడా ఎరిగినదే.

తరువాతి జీవితం నిశ్శబ్దం. తపాలాబిళ్ళలు సేకరించేవాడు, మనుమలతో గడిపేవాడు. 1935 జూలై 12న, తాను నిర్దోషి అని తీర్పు వచ్చిన తేదీనాడే, పారిస్‌లో కన్నుమూశాడు. మోంపర్నాస్ శ్మశానంలో యూదుల ఆచారం ప్రకారం ఖననం చేశారు.

ఐదేళ్ళకు జర్మన్ సైన్యం పారిస్‌లో అడుగుపెట్టింది. కూతురు జాన్ బిడ్డ మడలీన్ లెవీ దక్షిణాన తూలూజ్‌లో సంఘసేవకురాలిగా పనిచేస్తూ రహస్య ప్రతిఘటన దళంలో చేరింది. 1943 నవంబరులో ఆమెను పట్టుకుని ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపారు. 1944 జనవరిలో అక్కడే చనిపోయింది. వయసు 25. నాయనమ్మల వయసు దాటిన లూసీని వాలాన్స్ పట్టణంలో కాథలిక్ సన్యాసినులు మారుపేరుతో తమ కాన్వెంటులో దాచి కాపాడారు. ఆమె ఎవరి భార్యో బయటపడితే ఆమెకే కాదు, వారికీ ప్రమాదమే. యుద్ధం ముగిశాక లూసీ పారిస్ తిరిగి వచ్చి, 1945 డిసెంబరులో మరణించింది. భర్త పక్కనే ఆమెను ఉంచారు. మడలీన్‌కు సమాధి లేదు కనుక ఆ రాతి మీదే ఆమె పేరు కూడా చెక్కించారు.